వాన తగలని దారి

“ఇంకా బిరాన తోలరా అభీ! మబ్బు మనకన్నా ముందు పోతాంది.”

“తోలుతానే ఉండా తాతా. ఇది మోటార్‌సైకిలు, విమానం కాదు.”

వెనక సీటు మీద రామచంద్రయ్య ఒక చేత్తో మనవడి భుజాన్ని, ఇంకో చేత్తో ఒడిలోని పూజసామాను సంచిని పట్టుకున్నాడు. హెల్మెట్ కింద పిలక చెమటకు తడిసి మెడకు అతుక్కుంది. ఆయన చూపు మాత్రం దారి మీద లేదు. అభిరామ్ భుజం మీదుగా మెడ సాచి, హ్యాండిల్‌కు బిగించిన జీపీఎస్ పెట్టెనే చూస్తున్నాడు.

అరచేయంత తెర. అందులో వాళ్లు పోయే దారి నీలం గీత. ఫోనుకు సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం నుంచి మబ్బుల బొమ్మ దిగి ఆ గీత మీద పరుచుకుంటుంది. జల్లుకు పచ్చ మచ్చ, గట్టి వానకు ఎర్ర మచ్చ. ఇప్పుడు పులివెందుల మీద ఎర్ర మచ్చ ఉంది. అది తొండూరు వైపు జరుగుతోంది.

తొండూరు దగ్గరి పల్లెలో ఊరంతా ఆయన కోసమే కాచుకుని ఉంది. వాన పడేలోపు ఆయన వెళ్లి మంత్రం మొదలుపెట్టాలి. వాన ముందు పడిందా, కార్యక్రమం లేదు, ఆయన పరువూ లేదు.

పోయిన ఏడాది మైలవరం పక్క పల్లెలో పంచాంగం చూసి పెట్టిన రోజున ఆకాశం మాట వినక పరువు పోనే పోయింది. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. తిరుగు బస్సెక్కుతుంటే వెనక నుంచి నవ్వు మాత్రం వినిపించింది. అందుకే ఈసారి పంచాంగాన్ని పక్కనపెట్టాడు. మనవడు బెంగళూరు నుంచి సెలవుకు తెచ్చిన ఈ పెట్టెలో వారం రోజుల వాతావరణం ముందే చూసి, ఆదివారం కావాలన్న ఊరివాళ్లను బేస్తవారానికి ఒప్పించాడు.

అంత చేసి ఏం లాభం? భోజనం కాగానే ప్రొద్దుటూరు నుంచి బయల్దేరదామని అభిరామ్ మొత్తుకున్నాడు. రాహుకాలంలో గడప దాటనని ఆయనే కుర్చీలో కూర్చుండిపోయాడు.

“రాహుకాలం మీకేనా, మబ్బుక్కూడా ఉందా?” అంది కమలాంబ, విస్తరాకు తీస్తూ. భార్య మాటకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ కోపం వస్తోంది, తన మీద.

ఎదురుగా జమ్మలమడుగు బోర్డు కనబడింది.

“ఈడికెందుకొచ్చినాం రా? ఎర్రగుంట్ల మీద పోయుంటే ఈపాటికి ముద్దనూరు దాటుండేవాళ్లం!”

“పెట్టె ఇట్లనే చూపిచ్చె తాతా.” అభిరామ్ బండి పక్కకు ఆపి తెర మీద రెండు మూడు చోట్ల నొక్కాడు. నాలుక కరుచుకున్నాడు.

“ఏంది?”

“వాన తగలని దారి చూపించమని ముందే పెట్టుండా. తీసేసేది మర్చిపోతి. తడవకుండా మనల్ని చుట్టు తిప్పుతాంది.”

“తడిస్తే కరిగిపోయేదానికి మనమేమన్నా ఉప్పుమూటలమా? నేరుగా పోనీరా నాయనా!”

పెన్న వంతెన దాటారు. ముద్దనూరు దాటారు. దాటగానే రోడ్డు నిండా గొర్రెలు. అభిరామ్ హారన్ కొడితే వెనకున్నవి ముందుకు తోసుకున్నాయే గానీ ఒక్కటీ పక్కకు జరగలేదు.

“ఓ మామా, పక్కకు తోలప్పా, అర్జెంటు!”

“గొర్రెలకు అర్జెంటు తెలీదు నాయనా,” అన్నాడు కాపరి తీరిగ్గా. “బంగారట్ల మబ్బు పట్టింది. వానొస్తాంది సామీ.”

“వాన మాట ఎత్తొద్దు!” అని కసిరాడు రామచంద్రయ్య. కాపరి నోరు తెరిచి ఆయన వంకే చూస్తుండిపోయాడు.

ఫోను మోగింది. పల్లె పెద్ద ఓబుళరెడ్డి.

“సామీ, యాడుండారు? దంపతుల్ని పీటల మీద కూసోబెట్టినాం. ఈడ గాలి తిరిగింది, అందరూ పైకే చూస్తాండారు.”

“వచ్చేసినాం రెడ్డీ. పీటల మీంచి ఎవర్నీ లేయనియ్యద్దు!”

చల్లగాలి మొహానికి కొట్టింది. హెల్మెట్ అద్దం మీద టప్పున ఒక చినుకు పడింది. ఇంకొకటి. రోడ్డు పక్క బస్‌షెల్టర్ దగ్గర అభిరామ్ వేగం తగ్గించాడు.

“కాసేపు నిలబడదాం తాతా. నీకు జలుబు చేస్తే అవ్వ నన్ను చంపుతుంది.”

“నిలబడితే నేనే చంపుతా. పోనీ!”

“సరే, సరే. తెరలో మచ్చ ఊరి దగ్గరికొచ్చి ఆగింది. ఊరి మీద ఇంకా ఏం లేదు.”

రామచంద్రయ్య మెడ సాచి చూశాడు. నిజమే. పల్లె మీద ఒక్క మచ్చా లేదు. ప్రాణం లేచి వచ్చింది. సంచిని గుండెకు హత్తుకుని, దారిలోనే గొంతు సవరించుకున్నాడు.

పల్లె మలుపు తిరిగారు. తెరలో అక్కడ చినుకు లేదు. ఎదురుగా కుండపోత.

“బొమ్మ పాతది తాతా,” అన్నాడు అభిరామ్ నీరసంగా. “పైనుంచి కిందికి దిగేలోపల...”

ఆయన వినిపించుకోలేదు. షామియానా నీళ్లు నిండి పొట్టలా వేలాడుతోంది. దాని కింద ఒక్కరూ లేరు. పీటలు ఖాళీ. రామచంద్రయ్య బండి దిగి, బురదలో చెప్పులు ఇరుక్కుపోతే వదిలేసి, సంచితో అలాగే నిలబడిపోయాడు.

ఓబుళరెడ్డి నెత్తి నుంచి కాలిదాకా తడుస్తూ, రెండు చేతులూ జోడించి ఎదురొచ్చాడు.

“ఇంత దూరం వచ్చినారు, భోంచేసి పోండి సామీ,” అన్నాడు. “వాన కోసమని మీతో చేయిద్దామనుకున్న వరుణయాగం ఇంకెందుకు?”