లేవి అంగీ

రాహేలమ్మ కుట్టుపని డబ్బాను నట్టింట్లో బోర్లించింది.

గుండీలు, గుడ్డపేలికలు, తుప్పు పట్టిన సూదులు, చిక్కుపడిన దారాలు. ఏడాదిగా పేరుకుపోయిన పని.

ఒక్కగానొక్క కొడుకు లేవి పటాలంలో చేరి బర్మా పోయాడు. ఎండాకాలానికి వస్తానని ఉత్తరం రాశాడు. ఇంటికొచ్చే బిడ్డకు చిరుగు బట్ట కనబడకూడదని ఆమె పట్టుదల.

నందికొట్కూరంతా ఎండకు మత్తుగా పడివుంది. గాలికి వేపపూలు గడప దాటి వచ్చి దారాల మీద రాలుతున్నాయి. ఎర్రవి, నల్లవి వేరు చేస్తూ చేస్తూనే ఆమె కునుకులోకి జారింది. కునుకులో లేవి పిలిచాడు.

"అమ్మా!"

కళ్ళు తెరిస్తే గుమ్మంలో ఎవరో పరాయి పిల్లవాడు. పాతికేళ్ళుంటాయి.

"కొంచెం నీళ్ళిస్తావామ్మా?"

"యాడి నుంచి వస్తాండావప్పా?"

"కమలాపురం పక్క నుంచి. శానా దూరం నడిచినా."

చెంబెడు నీళ్ళిచ్చి ఆమె సూది అందించింది.

"దీనికి దారమెక్కించు. నా కండ్లకు ఆనల్యా."

గడప మీద కూర్చుని ఎక్కించాడు. అంతటితో లేవలేదు. చిక్కుదారాలు ఒడిలో వేసుకుని ఒక్కో పోగూ ఓపిగ్గా విడదీశాడు. గుండీలు ఏరి పెట్టాడు.

"అమ్మా, నీకొక మాట..."

ఆమె వింటేగా!

"ఈ అంగీ నా కొడుకుదప్పా. ఈ నెల్లోనే వస్తాండాడు. వాడొచ్చేదాకా నాకు అన్నం సయించదు. నీదీ వాడి ఒళ్ళే. లేయ్, ఒకసారి తొడుక్కో. చేతులు సరిపోతాయో లేదో చూస్తా."

అతను కదల్లేదు. ఆమె చెయ్యి పట్టి లేపింది. అంగీ తొడుక్కుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వెనక నుంచి చూస్తే అచ్చం లేవే. రాహేలమ్మకు లోకం తెలియలేదు. ఆ వీపు నిమురుతూ ఎంతసేపు ఉండిపోయిందో. ఏడాదిలో అంత హాయి ఆమె ఎరగదు.

అతను ఇటు తిరిగాడు. పరాయి ముఖం. ఆమెకు ఎందుకో ఒళ్ళు మండిపోయింది.

"చెట్టంత మనిషివి! నా బిడ్డ యుద్ధంలో ఉంటే నువ్వు ఊర్లెంబడి తిరుగుతాండావే. సిగ్గుగా లేదా?"

"తప్పేనమ్మా."

తల వంచుకునే అంగీ విప్పి, మడిచి, ఆమె చేతుల్లో పెట్టాడు. వంగి కాళ్ళు తాకాడు.

"పోయొస్తానమ్మా."

"పో, ఏదైనా పని చూసుకో పో."

పొద్దు వాలేసరికి డబ్బా సర్దడం అయిపోయింది. లేవి బట్టలన్నీ దొంతి పెట్టి ఆమె తృప్తిగా చూసుకుంటుంటే, ప్రార్థన మందిరం ఉపదేశి దాసన్న రొప్పుతూ వచ్చాడు. ఆమె ముఖం చూసి తెల్లబోయాడు.

"అక్కా, కమలాపురం పిల్లోడు వచ్చినాడా? తోడు వస్తానంటే వద్దన్నాడు. నేనే చెప్పుకుంటానన్నాడు."

"ఆ పనిలేనోడా? వచ్చిపోయినాడు. ఏమి చెప్పాలంట?"

దాసన్న గడప మీదే కూలబడ్డాడు.

"సర్కారు కాయితం యాడ ఆగిందో ఏమోక్కా... గుండు తగిలిన మన లేవిని మూడు దినాలు అడవిలో భుజానేసుకుని మోసి, పానం పోయినాక తన చేతులతోనే మట్టిచేసి, ఆ మాట నీకు చెప్పేకి అంత దూరం నడిచొచ్చినోడు ఆయప్పే."