వీపు లేని జాకెట్టు

అత్త జ్ఞానమణి అద్దం ముందు నిలబడి, తెల్ల లేసు జాకెట్టును రొమ్ముకు ఆనించుకుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది. గుమ్మంలో నిలబడ్డ జెస్సీ మొహం చిట్లించుకుంది.

అరవై దాటిన మనిషి. మామ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఛీ, ఈ వయసులో ఈ సోకులేమిటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

సోకు సంగతి పక్కనపెట్టినా, జెస్సీ అసలు మంట వేరే. క్రిస్మస్‌కు పాపకు బాప్తిస్మం. నాయనమ్మ అల్లిన లేసు గౌనే తొడిగి పాపను పాస్టరు అయ్యగారి చేతుల్లో పెట్టాలని, కడుపుతో ఉన్నప్పటి నుంచీ జెస్సీకి ఆశ. నందికొట్కూరు చుట్టుపక్కల ఏ చర్చిలో అడిగినా జ్ఞానమణి లేసు తెలుసు. కొక్కెం సూదితో గుండ్రటి చక్రాలు అల్లుతుంది. చక్రానికీ చక్రానికీ అంచులు కలుపుకుంటూ పోయి, కత్తెర పెట్టకుండానే బట్ట తయారుచేస్తుంది. వేసవంతా పాప కోసమని కూర్చుని డబ్బా నిండా చక్రాలు అల్లింది.

తీరా కలిపే వేళకు బుద్ధి మారింది. ఆ డబ్బాలోంచే తీసి తనకు జాకెట్టు మొదలుపెట్టింది. నీకు కావాలంటే కొత్తవి అల్లుకోవచ్చు కదా అంటే, వేళ్ళు మొద్దుబారాయంటుంది. పసిబిడ్డ గుడ్డకు ఆశపడే నాయనమ్మ ఎక్కడైనా ఉంటుందా?

"పాప గౌను ఎప్పుడు కలుపుతావత్తా?" అని అడిగింది జెస్సీ.

"అయితాదిలేమ్మా. దానికింకా టైముండాది. తొందరంతా నాకే."

తొందరంట. పైకి చెప్పుకోవడానికైనా సిగ్గుండాలి.

పోనీ ఆ జాకెట్టైనా సక్రమంగా ఉందా అంటే అదీ లేదు. ముందువైపు మెడ దాకా చక్రాలున్నాయి. మణికట్టు దాకా చేతులున్నాయి. వెనక్కి తిప్పితే ఏమీ లేదు. వీపంతా బయలు. భుజాల దగ్గర రెండు నాడాలు వేలాడుతున్నాయి, అంతే. వయసు పిల్లలు పెళ్ళిళ్ళకు అలాంటివి వేసుకొస్తేనే చర్చిలో పెద్దవాళ్ళు మొహం తిప్పుకుంటారు.

"ఇదేం జాకెట్టత్తా? వీపంతా కనపడతాది."

"కనపడదులే," అంది జ్ఞానమణి నవ్వుతూ.

ఆ నవ్వు చూసి జెస్సీకి నోరంతా చేదైపోయింది.

ఇదంతా ఎవరి కోసమో ఊరందరికీ తెలుసు. జయరాజ్ కోసం. మంచాలూ తలుపులూ చేసే వడ్రంగి, పెళ్ళాం పోయిన మనిషి. అత్త దారం తెస్తానని కర్నూలు బస్సెక్కితే, వెనక సీట్లో జయరాజ్ ఉంటాడు. సాయంత్రం ఇద్దరూ కలిసే దిగుతారు. సంచిలో దారం ఉండ ఒక్కటీ ఉండదు. ఇంటికొచ్చాక అన్నం కాస్త కెలికి లేచిపోతుంది. నడుము సన్నం చేసుకుంటోంది మహాతల్లి. దానికి తోడు ఒంటినిండా గుప్పుమనే పౌడరు. ఆవిడ పక్కన కూర్చుని తినాలంటేనే జెస్సీకి ముద్ద దిగడం లేదు.

పక్కింటి శివలీల అయితే కుళాయి దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ అడిగింది.

"జయరాజన్న మంచి టేకు పలకలు ఏరి పక్కన పెట్టినాడంట వదినా. ఎవరికని అడిగితే మణెమ్మకు అన్నాడంట. మీ ఇంట్లోకి కొత్త మంచం వస్తాండాదా ఏంది?"

జెస్సీ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి చూస్తే ఇంకా బాగుంది. నడింట్లో అత్త గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి ఉంది. జయరాజ్ ఆమె భుజాల మీద టేపు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతున్నాడు.

"శానా చిక్కిపోయినావు మణీ," అంటున్నాడు.

మణీ అంట. పరాయి మగాడు కొలతలు తీసుకుంటుంటే ఈవిడ చేతులు వేలాడేసి బొమ్మలా నిలబడటమా. జెస్సీకి ఒంటిమీద జెర్రులు పాకినట్టయింది. బిందెను దడాలున కిందపెట్టింది. జయరాజ్ టేపు చుట్టుకుని, జెస్సీ ముఖం కూడా చూడకుండా తలొంచుకుని వెళ్ళిపోయాడు.

జెస్సీ నేరుగా వెళ్ళి చక్రాల డబ్బా మూత తీసింది. మిగిలినవైనా పట్టుకుపోయి ఇంకెవరిచేతైనా గౌను కలిపించుకుందామని. డబ్బా ఖాళీ. అడుగున దారం ముక్క కూడా లేదు.

ఇక ఆగలేకపోయింది.

"నా బిడ్డ చక్రాలు యాడ పోయినాయత్తా? పసిదాని గుడ్డ లాక్కుని, ఆయప్పకు వీపు చూపించేదానికి జాకెట్టు అల్లుకుంటాండావే. నీకు అసయ్యంగా లేదా? నాకు నిన్ను చూస్తాంటేనే వాంతికొస్తాండాది. నీ కొడుకు డోన్ నుంచి రానీ, అన్నీ చెప్తా."

జ్ఞానమణి గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్ళి మంచం మీద కూర్చుంది. దిండు కింద నుంచి పాతచీర పేలికలో చుట్టినదేదో తీసి జెస్సీ చేతిలో పెట్టింది.

పాప గౌను. ముందూ వెనకా, చేతులూ, కింది కుచ్చూ, అంతా చక్రాలే. ఎక్కడా ఒక్కటీ తక్కువ కాలేదు.

గౌను చేతిలో ఉన్నా జెస్సీ కడుపుమంట చల్లారలేదు.

"పాపకు ఇన్ని పెట్టినదానివి, మరి నీదానికి వెనకెందుకు వదిలేసినావు? ఆయప్ప అడిగినాడా?"

జ్ఞానమణి దిండు సర్దుకుంటూ అంది.

"నాకు వెనక గూడా పెట్టుకుంటే పాపకు చాలేటియి కావమ్మా, రేపు జయరాజ్ చేసే పెట్టెలో నన్ను ఎల్లకిలా పండబెట్టినాక నా వీపు ఎవరు చూస్తారు?"