తనిఖీ రోజు తెరిచిన లైబ్రరీ

కాలేజీకి ఏ గ్రేడు వచ్చిందని అడుగుతారే గానీ, అక్కడ లైబ్రరీ తెరుస్తారా అని మీరు ఒక్కనాడూ అడగలేదు. ఈ పాపంలో మీకూ వాటా ఉంది.

ప్రొద్దుటూరులోని ఒక డిగ్రీ కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. మూడేళ్లుగా మూసి ఉన్న లైబ్రరీని ఆ పొద్దున తెరిచి, ముప్పై మంది విద్యార్థులను పుస్తకాల ముందు కూర్చోబెట్టారు. బృందం ఫొటోలు తీసుకుని, వాళ్లను 'నిత్య పాఠకులు' అని రాసుకుని వెళ్లిపోయింది.

అందరూ లేచారు. మైలవరం నుంచి బస్సులో వచ్చి చదువుకునే ఆర్షియా లేవలేదు. సోమవారం కెమిస్ట్రీ పరీక్ష. ముందున్న కెమిస్ట్రీ పుస్తకం ఆమె చేతికి రావడం అదే మొదటిసారి.

"లేమ్మా, బీగం ఎయ్యాల," అన్నాడు అటెండరు నతానియేలు.

"పరీక్ష అయ్యేదాకా ఈ పుస్తకం ఇయ్యి మామా."

"ఇవి సూపిచ్చడానికే పాపా, సదవడానికి గాదు. ప్రిన్సిపాల్ సారు సూసినాడంటే నీ ఇంటర్నల్ మార్కులు పాయె!"

"చదవకపోతే మాత్రం యాడ్నుంచి వస్తాయి?"

అతను నవ్వబోయి ఆగాడు. ఆర్షియా నోట్సులోంచి ఒక కాగితం చించి రాయడం మొదలుపెట్టింది.

"ఏంది రాస్తాండావు?"

"ప్రిన్సిపాల్ సారుకు, మా డిమాండ్లు."

నతానియేలు తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. "కడాన నాదీ ఒకటి రాయి పాపా."

1. లైబ్రరీ రోజూ తెరవాలి.
2. పుస్తకాలు ఇంటికి ఇవ్వాలి.
3. అడిగినవాళ్ల మార్కులు కోయకూడదు.
4. ఇక్కడ కూర్చుని పుస్తకం చదివినందుకు అటెండరుకు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకోవాలి.