ఐదింటికి మార్కెట్ మూస్తారు

“మీ అప్‌డేటు మట్టిగొట్టుకుపోనూ! చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారమ్మా?”

సత్తెనపల్లిలో తన ఇంటి హాల్లో ల్యాండ్‌ఫోను పట్టుకుని వెంకటేశ్వరమ్మ అరుస్తుంటే వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వినపడుతోంది. అవతల కస్టమర్ కేర్ పిల్ల “సారీ మేడమ్” అన్నప్పుడల్లా ఈవిడ గొంతు ఇంకాస్త లేస్తోంది. కోపం రాదూ మరి! నెల తిరిగేసరికి బిల్లు ముక్కుపిండి వసూలు చేస్తారా, రాత్రికి రాత్రి ఎవరికీ చెప్పకుండా రూటరులోకి కొత్త సాఫ్ట్‌వేరేదో ఎక్కిస్తారు. తెల్లారి చూస్తే ఎర్ర లైటు. ఇదేందంటే మీ మంచికే అంటారు!

ఆవిడ భర్త అంకమ్మరావు ఏడాదిగా పొలం కౌలుకిచ్చి, కంప్యూటర్లో మిర్చి కొని అమ్ముతున్నాడు. ఆ మిర్చి కంటికి కనపడదు గానీ ఘాటు మాత్రం తగులుతుంది. ఇప్పటికి రెండుసార్లు తగిలింది. మూడోసారి రేటు లేవకపోతే మీసం తీసేస్తానని పొద్దుట్నించీ పందెం కాస్తున్నాడు.

మూడింటికి కంపెనీ టెక్నీషియన్ మాలిక్ వచ్చాడు. అతను చెప్పులు విప్పకముందే అంకమ్మరావు వచ్చి మీద పడ్డాడు.

“ఐదింటికి మార్కెట్ మూస్తారయ్యా! బ్రోకరు ఫోనెత్తి చావడు. గుంటూరు పోయేసరికి పొద్దుగూకుద్ది. నెట్ సెంటర్లో కూర్చుంటే పక్కన కుర్రనాయాళ్ళు పాస్‌వర్డ్ చూస్తారు. నన్నేం చెయ్యమంటావ్?”

“కంగారుపడకండి సార్, చూద్దాం.”

ఫోను పక్కనే స్టూలు మీదున్న రూటరుని మాలిక్ అటూ ఇటూ తిప్పి చూశాడు. “అప్‌డేట్ సగంలో ఆగినట్టుంది. రీసెట్ కొట్టాలి. అమ్మా, పిన్నీసుందా?”

వెంకటేశ్వరమ్మ పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసిచ్చింది. రూటరు వెనక చిన్న కన్నంలో దాని మొన పెట్టి నొక్కి పట్టుకున్నాడు మాలిక్.

“పది లెక్కపెట్టేదాకా ఇట్టా నొక్కితే, దీనికి తెలిసినవన్నీ మర్చిపోద్దమ్మా. మళ్ళీ కంప్యూటర్లోంచి యూజర్‌నేమూ పాస్‌వర్డూ అన్నీ ఎక్కించుకోవాలి.”

“దాని బతుకే హాయి” అని పిన్నీసు అందుకుని మళ్ళీ తాడుకి తగిలించుకుంది.

కంప్యూటరు పడగ్గదిలో ఉంది. మాలిక్ దాని ముందు కూర్చున్నాడు. అంకమ్మరావు అతని భుజం మీదికి వంగాడు. వెంకటేశ్వరమ్మ మజ్జిగ తెచ్చింది.

“ఇంతకీ ఏ డబ్బు పెట్టి కొంటన్నావయ్యా?”

“బ్యాంకుకి కట్టాల్సింది ఉందిగా.”

“రేపేగా దానికి ఆఖరు రోజు? కట్టకపోతే పొలం వేలమేస్తామన్నారుగా?”

“అందుకేగా! ఇవాళ కొని, రేపు పొద్దున్నే అమ్మి, బ్యాంకోళ్ళ మొహాన కొడితే ఇంకా అంతకంత మిగుల్తది.”

మాలిక్ వేళ్ళు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి.

“రేటు పడితే?” అంది వెంకటేశ్వరమ్మ.

“శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంది నీతో! నెట్ రానీ ముందు.”

“అట్టాగా” అని ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టి హాల్లోకి వెళ్ళింది. నిమిషంలో ఫోన్లో మళ్ళీ అందుకుంది. “ఏమ్మా, మీ మనిషొచ్చి గంటైంది! ఇంకా గుటకలు మింగతన్నాడు. మా ఆయనకి బేరం పోతే మీ కంపెనీ ఇస్తదా? మీ మేనేజర్ని పిలువు!”

అంకమ్మరావు ఛాతీ పొంగింది. “చూశావా, మా ఆవిడతో పెట్టుకుంటే కంపెనీ మూసుకోవాల్సిందే” అన్నాడు.

నాలుగున్నరకి నెట్ వచ్చింది. మిర్చి రేట్ల పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది.

మాలిక్ హాల్లోకి పరుగెత్తాడు. ఎర్ర లైటు.

“చూడు నాయనా, ఇదీ మీ వాళ్ళ నిర్వాకం!” వెంకటేశ్వరమ్మ రిసీవరు అతని మొహం మీద ఆడించింది. “నేనిక్కడ నిలబడి మాట్లాడుతుండగానే పోయింది. పైసలు తీసుకునేటప్పుడు లేని రోగం ఇప్పుడొచ్చిందా?”

“ఇదేందో మళ్ళీ అన్నీ మర్చిపోయిందమ్మా” అని మాలిక్ తల గోక్కున్నాడు. తిరిగి గదిలోకెళ్ళి మొదట్నించీ అన్నీ ఎక్కించాడు. హాల్లో ఆవిడ ఫోన్లోనే వినియోగదారుల కోర్టు దాకా వెళ్ళింది.

ఐదుకి ఇంకా కాస్త టైముందనగా మళ్ళీ నెట్ వచ్చింది. అంకమ్మరావు మాలిక్‌ని కుర్చీలోంచి దాదాపు తోసేసి కూర్చున్నాడు. ఎన్ని లాట్ల మిర్చి కొనాలో అంకె కొట్టాడు. ‘కొను’ అన్నచోట వేలు పెట్టబోయాడు. పేజీ తెల్లబోయింది.

“వామ్మో! నా కొంప ముంచారు గదరా!”

మాలిక్ ఈసారి పరుగెత్తలేదు. హాల్లోకి నడిచి, రూటరు వెనక్కి వంగి, కాసేపటిదాకా లేవలేదు. లేచాక చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

“సార్, పెట్టే పోయింది. కొత్తది రేపు మధ్యాహ్నం గానీ రాదు.”

అంకమ్మరావు తిట్టని తిట్టు లేదు. కంపెనీని తిట్టాడు, ప్రభుత్వాన్ని తిట్టాడు, అప్‌డేట్ కనిపెట్టినవాణ్ణి వాడి ఏడుతరాలతో కలిపి తిట్టాడు. ఐదైంది. “ఇంకేముంది, పొద్దున్నే పోయి ఆ డబ్బు బ్యాంకులో తగలేసొస్తా!” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“రేపు మధ్యాహ్నమా? సిగ్గులేదటయ్యా మీకు!” వెంకటేశ్వరమ్మ గేటు దాకా మాలిక్ వెంటబడి మరీ దులిపింది. “రోజంతా ఒక పెట్టె బాగుచెయ్యలేరు, మీకెందుకయ్యా జీతాలు?”

మాలిక్ తల వంచుకుని అన్నీ విన్నాడు. గేటు దాటాక జేబులోంచి చెయ్యి తీసి, వంగిపోయిన పిన్నీసు ఆవిడ చేతిలో పెట్టాడు.

“రూటరు కన్నంలోనే మర్చిపోయారమ్మా.”