కంకుల కుచ్చు మీద కొత్త పిట్ట

పిట్టల కోసమని సుభాషిణమ్మ చూరుకి వరికంకుల కుచ్చు వేలాడదీసి, దుర్భిణి పట్టుకుని అరుగు మీద కూర్చునేది. వచ్చిన ప్రతి పిట్టకీ పేరు చెప్పేది. ఉడుత వస్తే మాత్రం "ఫో, ఇవి పిట్టలకి!" అని తరిమేది.

ఆకలికి తాళలేక ఉడుత ఒకరోజు రాలిన ఈకలన్నీ ఏరి, తుమ్మజిగురుతో ఒంటికి అంటించుకుని, దర్జాగా కుచ్చెక్కింది.

"ఇదేం పిట్టమ్మా! పుస్తకంలో కూడా లేదే!" అని సుభాషిణమ్మ నోరు తెరిచింది.

ఉడుత పొంగిపోయింది. గింజల మాటే మరిచిపోయి అటు తిరిగీ, ఇటు తిరిగీ షోకులు పోయింది.

"ముందు తినవే పిల్లా," అంది పక్కనున్న పిచ్చుక.

"ఉండక్కా, ఆవిడ నన్నే చూస్తోంది!"

"ఎలా ఎగురుతుందో చూద్దాం," అంటూ సుభాషిణమ్మ చప్పట్లు కొట్టింది. పిచ్చుక తుర్రుమంది. ఉడుత కూడా చేతులు చాచి గాల్లోకి దూకి, కిందున్న నీళ్లతొట్టిలో బుడుంగున పడింది. ఈకలన్నీ ఊడి తేలాయి. ఉడుత తడిసి ముద్దై తొట్టి అంచెక్కింది.

"ఓసినీ, నువ్వా!" సుభాషిణమ్మ పడీపడీ నవ్వి, లోపలికెళ్లి గుప్పెడు పల్లీలు తెచ్చి దాని ముందు పోసింది.

పిచ్చుక మళ్లీ వచ్చి వాలింది. "ఏమే, ఇంకోసారి ఎగిరి చూపిస్తావా?"

ఉడుత నోటినిండా పల్లీలున్నాయి.