శిఖరం మీద గద్ద

"నీ చెల్లెలి మొగుడు ఎక్కిన కొండ నేనెక్కలేనా?" అంటూ డ్రిల్లు మాస్టారు వేసవి సెలవుల్లో పెళ్లాంపిల్లల్ని జాతీయ పార్కుకు తీసుకొచ్చారు. నిరుడు తోడల్లుడు పంపిన ఫోటో ఆయనకు కంట్లో నలుసైంది. వెనక శిఖరం, పైన ఎగురుతున్న గద్ద!

రెండో మలుపుకే మాస్టారు చతికిలబడ్డారు. చేసేది లేక అందరూ దిగొచ్చారు.

కింద టికెట్ల గది గోడ మీద ఆ శిఖరం బొమ్మే నిలువెత్తున ఉంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"దీని ముందు నిలబడండి. అందరూ కాస్త రొప్పండి."

"మీరు రొప్పుతున్నారుగా, చాల్లెండి," అంది భార్య.

సెల్ఫీ దిగారు. బొమ్మలో ఆకాశం చిరిగినచోట అంటించిన నల్లటేపు కూడా అందులో పడింది.

"ఛ, అతుకు కనబడుతోంది. దొరికిపోతాం!"

భార్య నిరుటి ఫోటో తెరిచి, పక్కన పెట్టి చూసింది.

"భయం లేదండీ. మరిదిగారి గద్ద ఇదే."