శనివారం తాళం

"తాళం తియ్యి."

"తియ్యను."

"ఒరేయ్, బాత్రూంకి వెళ్ళాలిరా."

"బాత్రూం లోపలే ఉందిగా! అబద్ధమైనా కాస్త చూసుకుని ఆడు."

పడకగది లోపల తాళాల మేస్త్రీ, బయట హాల్లో కుట్టుమిషను ముందు టైలరు. ఇద్దరు మగవాళ్ళదీ ఒకే కాపురం. ఊళ్ళో సగం తలుపులకి తాళాలు బిగించిన మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యడమంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ ఏర్పాటు మేస్త్రీదే. కొత్త తాళం తెచ్చి తనే బిగించాడు. బయట చెవి తిప్పితే లోపల్నుంచి తెరుచుకోనే తెరుచుకోదు. పనిముట్ల సంచీ, ఫోనూ టైలరు చేతిలో పెట్టి మరీ చెప్పాడు.

"శనివారం మధ్యాహ్నం వేసెయ్. సాయంత్రం మీటింగు వేళకి తియ్యి. మధ్యలో నేను కాళ్ళావేళ్ళా పడ్డా తియ్యకు."

మీటింగంటే మత్తుపొడి మానేసినవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు. శనివారమంటే 'రూము' రోజు. ఎవరో ఒకరి ఫ్లాట్లో తమలాంటి మగవాళ్ళు చేరతారు. పొడి పీలుస్తారు. ఆ మత్తులో తిండీ నిద్రా లేకుండా, పేరైనా అడక్కుండా, ఒకరి తర్వాత ఒకరితో పడుకుంటారు. శనివారం వెళ్ళినవాడు సోమవారానికి ఇల్లు చేరితే గొప్ప. పోయినసారి మేస్త్రీ తనంతట తాను రాలేదు. ఆస్పత్రివాళ్ళు కబురు చేస్తే టైలరు వెళ్ళి తెచ్చుకున్నాడు. ఇంకోసారి పోయావంటే నేనీ ఇంట్లో ఉండనని ఆ రోజే తేల్చి చెప్పేశాడు.

టైలరు జేబులో మేస్త్రీ ఫోను ఆగకుండా గుర్రుమంటోంది.

"ఎవరది? వాళ్ళేనా?"

"మీ అక్క."

అబద్ధమే. కాసేపటికి అక్క నిజంగానే ఫోను చేసింది. "తమ్ముడూ, వాడు అన్నం తిన్నాడా?" అంది.

టైలరు నాలిక కరుచుకున్నాడు. కాపలా గొడవలో ఆ మాటే మరిచిపోయాడు. గబగబా అన్నం కలిపి చిన్న డబ్బాలో పెట్టి, బాల్కనీ వైపు వెళ్ళి పడకగది కిటికీ ఊచల సందులోంచి అందించాడు.

"చెంచా ఏదీ?"

"అబ్బో, దొరగారికి చెంచా లేనిదే ముద్ద దిగదు కాబోలు!" అంటూ అదీ తెచ్చిచ్చాడు.

మళ్ళీ వచ్చి మిషను తొక్కసాగాడు. మిషను ఆగినప్పుడల్లా లోపల చెంచా చప్పుడు వినబడుతోంది. పోనీలే, తింటున్నాడు పాపం అనుకున్నాడు. కొంతసేపటికి ఆ చప్పుడూ ఆగింది.

"ఒరేయ్," అన్నాడు మేస్త్రీ. ఈసారి గొంతు తలుపు పక్కనుంచే వచ్చింది, అరుపు లేదు. "పొడి నాకెందుకో ఎప్పుడైనా అడిగావా?"

"సుఖం కోసం. ఇంకెందుకు?"

"సుఖమా, నా బొంద. మామూలుగా ఉన్నప్పుడు ఎవరైనా ముట్టుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. పొడి పడితే నేనెవరో నాకే గుర్తుండదు. అప్పుడు భయం ఉండదు."

టైలరు కాలు మిషను మీద ఆగిపోయింది.

"నేను ముట్టుకున్నా అంతేనా?"

తలుపుకి లోపల వీపు ఆనించిన చప్పుడైంది.

"నువ్వు ముట్టుకుంటేనే ఎక్కువ. వాళ్ళకి నేనెవరో తెలీదు. నీకు తెలుసు."

టైలరుకి ఏడుపు తన్నుకొచ్చింది. కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు పక్కన పడుకుని ఈ ముక్క ఇవాళ, తలుపు అడ్డం పెట్టుకుని చెబుతాడా! కుడుతున్న చొక్కా విసిరికొట్టి లేచాడు.

"వెళ్ళు. ఎక్కడికి పోతావో పో. మనిషిని తాళం వేసి కాపురం చెయ్యడం నావల్ల కాదు. నువ్వటు, నేనిటు."

"ఒరేయ్, ఆగు."

"ఆగను. మధ్యాహ్నం నుంచీ తియ్యి తియ్యి అని ప్రాణం తీశావుగా? ఇదిగో, తీస్తున్నా."

తాళంచెవి పెట్టి తిప్పాడు. టక్కుమనాల్సింది అనలేదు. చెవి దేనికీ తగలకుండా ఊరికే గిర్రున తిరిగింది. తలుపు తోశాడు. బెత్తెడు కదిలి, మనిషి బరువు తగిలి ఆగిపోయింది.

"తొయ్యకు," అన్నాడు మేస్త్రీ. "మీటింగు వేళకి లేపు."

సందులోంచి తొంగిచూశాడు టైలరు. మేస్త్రీ తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. పక్కన అన్నం డబ్బా మూతైనా తియ్యలేదు. చేతిలో వంకర తిరిగిపోయిన చెంచా, ఒళ్ళో ఎప్పుడో ఊడదీసి పెట్టుకున్న తాళం లోపలి సగం.